ఎవరి మీద పళ్ళు నూరుతున్నట్టు

మార్చి 4, సోమవారం

పన్ను విరిగింది. రాయి కొరికి కాదు, ఎముక కొరికి కాదు. పాలలో నానిన బ్రెడ్డు ముక్క తింటుంటే కుడివైపు దవడ పన్ను మూల పెచ్చు ఊడి నాలుక మీదకొచ్చింది. వెంటనే బ్రెడ్డు కవరు తిరగేసి ఫిర్యాదుల నంబరు వెతికాను. అలవాటు.

కొత్త సంవత్సరానికి వాషింగ్ మెషీన్ల కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ రెండు నెలలుగా ఖాళీగా పడి ఉంది. పన్ను విరగడం లాంటి పెద్ద విషయం మళ్ళీ ఎప్పుడు జరుగుతుందో అని ఇవాళ మొదలుపెట్టాను. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. నేను ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే షాపులో పదకొండేళ్ళుగా ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటున్నాను. జనం అరుస్తారు. నేను వింటాను. "తప్పకుండా పరిశీలిస్తామండీ" అంటాను. వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ మాట నేనే కనిపెట్టాను. ఎవరెంత అరిచినా వేడెక్కనని షాపులో నన్ను ఫ్రిజ్ అంటారు. మంచి పేరే. నాకు బాధేమీ లేదు.

మార్చి 5, మంగళవారం

పళ్ళ డాక్టరు నాకంటే చాలా చిన్నది. అద్దం పెట్టి నోరంతా తిరిగి చూసి, "మీరు పళ్ళు నూరుతున్నారండీ" అంది.

"ఎవరి మీద?" అన్నాను.

ఆ అమ్మాయి నావంక విచిత్రంగా చూసింది. "ఎవరి మీదా కాదండీ. నిద్రలో. పై పళ్ళూ కింది పళ్ళూ రాసుకుని బాగా అరిగిపోయాయి. ఇలాగే వదిలేస్తే ఇవాళ పెచ్చు, రేపు పన్ను. నైట్ గార్డ్ పెట్టుకోవాలి."

అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకు వేసుకునే తొడుగు. మూడు రకాలున్నాయట. మెత్తటిది మందుల షాపులో దొరుకుతుంది, వేడినీళ్ళలో ముంచి కొరికితే మన పళ్ళ ఆకారానికి వస్తుంది. గట్టిది పళ్ళ అచ్చు తీసి చేయించాలి. ఇంకోటి పైకి గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది.

"ఏది ఎలా పాడవుతుంది?" అని అడిగాను.

ఇంతవరకు ఎవరూ అలా అడగలేదంది. మెత్తటిది చిరుగుతుంది, గట్టిది పగులుతుంది, మూడోది పొరలు విడిపోతుంది. నా కౌంటరు మీదకొచ్చే సామానంతా ఇలాగే చస్తుంది కనుక మూడూ నాకు కళ్ళముందు కనిపించాయి. ఏదీ ఎంచుకోలేక లేచి వచ్చేశాను. గుమ్మం దాటుతుంటే, "మీకు ఎవరి మీదైనా కోపంగా ఉందా?" అంది. లేదన్నాను. నిజంగానే లేదు.

మార్చి 6, బుధవారం

పొద్దున ఈయనతో చెప్పాను, రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నానట అని. ఈయన కాఫీ కప్పు కింద పెట్టేశారు.

"నా మీదేనా?"

"అబ్బే, ఎవరి మీదా కాదు."

"ఆ నీలం ఫ్లాస్కు సంగతి తెలిసిపోయిందన్నమాట."

నాకేం తెలియదు. పక్కింటి పిల్లి పగలగొట్టిందనే రెండేళ్ళుగా నమ్ముతున్నాను. ఆ పిల్లి ఎదురైనప్పుడల్లా తిడుతున్నాను కూడా. ఇన్నాళ్ళూ పక్కనే నిలబడి, "దీనికి బుద్ధి లేదు" అని నాతో గొంతు కలిపింది ఈ మనిషే.

"అది సరే, రోజూ పక్కనే పడుకుంటారు కదా, చప్పుడు వినబడలేదా?" అన్నాను.

"వినబడింది. అది నువ్వా? వంటింట్లో ఫ్రిజ్ అనుకుని రెండుసార్లు గోడకి జరిపాను."

మార్చి 7, గురువారం

నాకు ఎవరి మీదా కోపం లేదు. పిల్లికి బిస్కెట్లు పెట్టాను. అది తినకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

మార్చి 8, శుక్రవారం

నెలాఖరుకు బాబాయ్ రిటైరవుతున్నాడు. వర్క్‌షాపు హెడ్డు. షాపులో అందరికీ బాబాయే. నేను ఈ షాపులో చేరింది ఆయన పక్కబల్ల దగ్గరే. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, స్క్రూడ్రైవరు పట్టుకుని చేరాను. మోటారు చప్పుడు విని బేరింగు పోయిందో, బ్రష్షులు అరిగాయో చెప్పేదాన్ని. ఏడాది తిరక్కుండానే ఓనరు గారు వచ్చి, "నీ గొంతు చల్లగా ఉందమ్మా. ఒక్క ఆరు నెలలు కౌంటర్లో కూర్చో" అన్నారు. ఆరు నెలలే కదా అని నా పనిముట్ల పెట్టె వర్క్‌షాపులోనే వదిలేసి వచ్చాను.

ఇవాళ ఓనరు గారు పిలిచి, "బాబాయ్ ప్లేసులోకి బయటి నుంచి మంచి మనిషిని తీసుకుందాం. ప్రకటన నువ్వు రాస్తే బావుంటుంది" అన్నారు. రాశాను. అనుభవం, ఓర్పు, మోటార్ల మీద పట్టు. చివరి తేదీ 25. చాలా బాగా రాశావని మెచ్చుకున్నారు. సంతోషం. నిజంగా సంతోషమే.

కుడి దవడ సాయంత్రం నుంచి సలుపుతోంది. వాతావరణం వల్ల కావచ్చు.

మార్చి 10, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే ఖాకీ చొక్కా, మెడలో విజిలు, చేతిలో టార్చి. అరవై దాటిన పెద్దమనిషి. పట్టపగలు ఆ టార్చి వెలుగుతూనే ఉంది.

"నైట్ గార్డ్ కావాలన్నారటగా అమ్మా. కాపలా ఎక్కడ?"

వెనక నుంచి అత్తయ్య వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "నిన్న ఫోన్లో మాట్లాడుతుంటే విన్నానులే అమ్మాయ్. ఏ రకాన్ని పెట్టుకోవాలో తేల్చుకోలేక సతమతమైపోతున్నావు. మెత్తటిదైతే నాలుగు రోజులుండదు, గట్టిదైతే మనకి సరిపడదు అంటున్నావు. ఈయన మూడో రకం. పైకి గట్టిగా ఉంటాడు గానీ లోపల మెత్తన."

ఆ పెద్దమనిషి సిగ్గుపడ్డాడు.

నోరు తెరిచి విరిగిన పన్ను చూపించాను. ఆయన చాలా మర్యాదగా టార్చి వేసి చూశాడు.

"బాగా అరిగాయమ్మా" అన్నాడు.

కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. పళ్ళు నూరుతున్నానన్న మాట దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య ముఖం మాడిపోయింది.

"నా మీదేనా?"

"కాదత్తయ్యా."

"ఆ గులాబీ మొక్క ఎండకి చచ్చిపోయిందన్నాను. ఎండకి కాదు. నేనే రోజుకి నాలుగుసార్లు నీళ్ళు పోసి చంపాను."

గార్డు పెద్దాయన కూడా కప్పు కింద పెట్టేశాడు. "నా మీద కాదు కదమ్మా? పోయినేడు మీ వీధి చివర షెడ్డుకి కాపలా ఉన్నాను. మూడు నెలలూ నిద్రపోయాను."

ఎవరి మీదా కాదని ముగ్గురికీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. మూడో మనిషి ఈయన. కాఫీ కోసం వచ్చి, ఫ్లాస్కు సంగతే మళ్ళీ మొదలైందనుకున్నారు.

మార్చి 12, మంగళవారం

మెత్తటిది కొన్నాను. వేడినీళ్ళలో సరిగ్గా అర నిమిషం ముంచమని అట్ట మీద రాసి ఉంది. ఈయన గడియారం పట్టుకున్నారు. అదే సమయానికి ఎవరిదో ఫోను వస్తే మాట్లాడుతూ ఉండిపోయారు. తీసి చూస్తే చిక్కుడు గింజంత అయింది. మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చాను. ఈసారి గడియారం నేనే పట్టుకున్నాను. బాగానే కుదిరింది.

పెట్టుకుని ఈయన్ని ఆ ఫోను గురించి నాలుగు మాటలన్నాను. ఒక్కటీ అర్థం కాలేదట. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను మొదలుపెట్టిన గొడవ ఇంత తొందరగా ఎప్పుడూ అయిపోలేదు. ఈయనకి ఈ గార్డు తెగ నచ్చింది.

మార్చి 15, శుక్రవారం

చిరిగింది. మూడే మూడు రాత్రులు. ఎడమ ముక్క దిండు మీద దొరికింది. కుడి ముక్క దొరకలేదు. దాని గురించి ఆలోచించదలుచుకోలేదు.

మార్చి 16, శనివారం

షాపులో అందరికీ తెలిసిపోయింది. క్యాషియరు వచ్చి "నా మీదేనా మేడమ్?" అని, నా కుర్చీ కుషను తీసుకున్నది తనేనని ఒప్పుకుంది. డెలివరీ డ్రైవరు అడిగాడు. చివరికి పైఅంతస్తు టీవీల సెక్షనాయన కూడా దిగి వచ్చాడు. ఆయనతో నేను ఇంతవరకు మాట్లాడనే లేదు. అదే నా కోపానికి కారణమేమోనని భయపడ్డాడట.

మధ్యాహ్నం బాబాయ్ వచ్చి కౌంటరు మీద చేతులానించి నిలబడ్డాడు.

"నా మీదేనా?"

"నీకేం తప్పుందని బాబాయ్?"

"నీ పెట్టెలో చిన్న స్క్రూడ్రైవరు నేనే వాడుకుంటున్నా. మిగతావన్నీ ఏటా నూనె రాసి పెడుతున్నాలే."

పదకొండేళ్ళుగా నూనె రాస్తున్నాడట.

"నిన్ను ఫ్రిజ్ అంటారు కదా" అన్నాడు బాబాయ్. "ముందు తలుపు తీస్తే చల్లగానే ఉంటుంది. వెనక చెయ్యి పెట్టి చూశావా ఎప్పుడైనా?"

"కాయిల్ ఉంటుంది. కాలుతుంది. లోపలి వేడంతా అక్కడికే పోతుంది. నాకు తెలియదా?"

"తెలిసినదానివి ఇక్కడెందుకు కూర్చున్నావు? ప్రకటన రాశావు. అర్జీ పెట్టావా?"

ఓనరు గారికి తెలుసు కదా, నన్ను ఆ ప్లేసులో పెట్టాలనుకుంటే ఆయనే పెడతారు కదా అన్నాను. బాబాయ్ వర్క్‌షాపులోకి వెళ్ళిపోయాడు. ఆయన మీద కూడా నాకు కోపం లేదు.

మార్చి 18, సోమవారం

రాత్రి చప్పుడు ఈయన ఫోన్లో రికార్డు చేశారు. పొద్దున అత్తయ్యకూ నాకూ వినిపించారు. కొంతసేపు నూరుడు. మధ్యలో చిన్న విరామం. మళ్ళీ నూరుడు. ఆ తర్వాత నా గొంతే, ఎంతో మర్యాదగా:

"తప్పకుండా పరిశీలిస్తామండీ."

అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. స్నానాల గదిలోకి వెళ్ళాక ఏడుపొచ్చింది. నిద్రలో కూడా కౌంటర్లోనే కూర్చుంటున్నానన్నమాట. నిద్రలోనైనా ఎవరైనా నన్ను లేవనిస్తే బాగుండు.

గట్టిదే చేయించుకుందామని తేల్చుకున్నాను. రేపు అచ్చు తీస్తారు.

మార్చి 19, మంగళవారం

పళ్ళ అచ్చంటే ఇంత గులాబీ రంగు ముద్దను ఒక పళ్ళెంలో వేసి నోట్లో కుక్కడం. గట్టిపడేదాకా కదలకూడదు, కొరకకూడదు, మాట్లాడకూడదు. డాక్టరమ్మ ఈ మూడూ రెండుసార్లు చెప్పింది.

ముద్ద నోట్లోకి వెళ్ళిన అర నిమిషానికి నా ఫోను మోగింది. ఓనరు గారు. ఆయన ఫోను నేను ఎత్తకపోవడం ఇంతవరకు లేదు. కళ్ళతో సైగ చేస్తే డాక్టరమ్మ స్పీకరు నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, కొత్త హెడ్డు దాదాపు ఖాయం. మా తోడల్లుడి స్నేహితుడు. మంచివాడు. మోటార్ల గురించే పెద్దగా తెలియదట. నువ్వు ఒక్క ఆరు నెలలు కౌంటరు చూసుకుంటూనే అతనికి పని నేర్పించు. సరేనా?"

ఊహూఁ అనబోయాను. నోటినిండా ముద్ద. 'ఊ' వరకే బయటికొచ్చింది, మిగతాది ముద్దలో ఇరుక్కుపోయింది.

"నాకు తెలుసమ్మా, నువ్వు కాదనవని."

"ఊ! ఊఊ!"

"అంత సంతోషమా? చల్లగా ఉండు తల్లీ." పెట్టేశారు.

నోట్లో ఏదో పటుక్కుమంది.

"కొరకొద్దని చెప్పాను కదండీ!" అని డాక్టరమ్మ అచ్చు బయటికి లాగింది. నా పై పళ్ళు ముద్దను దాటి ప్లాస్టిక్ పళ్ళెంలో దిగిపోయి ఉన్నాయి. ఆ అమ్మాయి దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నిద్రలో నూరడం కాదండీ. మెలకువగా ఉండి, పట్టపగలు, నా కళ్ళముందు నూరారు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఎవరి మీద?"

మొదటిసారి నేను "ఎవరి మీదా కాదు" అనలేదు. మళ్ళీ అచ్చు తియ్యమన్నాను.

మార్చి 20, బుధవారం

ఈయన అడిగారు. అత్తయ్య అడిగింది. బాబాయ్ అడిగాడు. క్యాషియరు, డ్రైవరు, టీవీలాయన. ముక్కూ ముఖం తెలియని గార్డు పెద్దాయన కూడా అడిగాడు, నా మీదేనా అని.

ఒక్క మనిషి అడగలేదు.

నాకు కోపంగా ఉంది. రాసి చూసుకుంటే అక్షరాలు బాగానే ఉన్నాయి. నాకు చాలా కోపంగా ఉంది.

మార్చి 21, గురువారం

మా షాపులో ఒక పద్ధతుంది. రిజిస్టరులో ఎక్కిన ప్రతి ఫిర్యాదు ఎదుటా ఏం చేశామో రాసి ఓనరు గారు సంతకం పెట్టాలి. నెలాఖరుకు మాకు సరుకిచ్చే కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు. సంతకం లేని గడి కనబడితే ఓనరు గారు నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఆ పద్ధతి పెట్టిందీ, ఆ గళ్ళు గీసిందీ నేనే. ఇవాళ తెరవగానే మొదటి ఫిర్యాదు నాదే రాశాను. ఇక్కడ కూడా ఎక్కించుకుంటున్నాను:

వస్తువు: కౌంటరు మనిషి.
తీసుకున్నది: పన్నెండేళ్ళ క్రితం, వర్క్‌షాపు కోసం.
లోపం: తప్పు చోట బిగించారు. ఆరు నెలలని చెప్పి మళ్ళీ విప్పలేదు. రాత్రిళ్ళు చప్పుడు.
కోరినది: వర్క్‌షాపు హెడ్డు పని.

రిజిస్టరు ఓనరు గారి బల్ల మీద పెట్టి వచ్చాను. ఇవాళ దవడ సలపలేదు.

మార్చి 22, శుక్రవారం

రిజిస్టరు తిరిగొచ్చింది. నా ఫిర్యాదు ఎదుట ఆయన చేతిరాతతో: 'తప్పకుండా పరిశీలిస్తాము.' సంతకం లేదు.

నా మాట నాకే!

మార్చి 23, శనివారం

రిజిస్టరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. తలుపు వెయ్యలేదు.

"ఓనరు గారూ, ఈ మాట నేను కనిపెట్టాను. దీని అర్థం నాకు తెలుసు. ఏమీ చెయ్యం అని దీని అర్థం."

"అదేంటమ్మా, మొన్న ఫోన్లో ఊ అన్నావు కదా?"

"నోట్లో ముద్ద ఉంది!"

షాపంతా వినబడిందట. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. ఓనరు గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. కౌంటరు ముందు మిక్సీ పట్టుకుని మూడోసారి వచ్చి నిలబడ్డ ఒకావిడ, "అట్లా అడగండి మేడమ్, గట్టిగా అడగండి" అంది.

బాబాయ్ ఎక్కడి నుంచి వచ్చాడో, ఆవిడ చేతిలోంచి మిక్సీ తీసుకుని ఓనరు గారి బల్ల మీద పెట్టి ప్లగ్గు గుచ్చాడు. "ఆ తోడల్లుడి స్నేహితుణ్ణి కూడా పిలవండి. ఎవరు చెబుతారో చూద్దాం" అన్నాడు. మిక్సీ అరిచింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు నాకు.

"మోటారు బాగుంది. కింద పళ్ళచక్రం అరిగిపోయింది. పట్టు లేక ఊరికే తిరుగుతోంది, అందుకే ఆ చప్పుడు."

విప్పి చూపించాను. పళ్ళన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. అందరూ దాన్ని చూసి, తర్వాత నా దవడ వంక చూశారు.

"నువ్వు లోపలికి వెళ్ళిపోతే మరి కౌంటర్లో ఎవరు కూర్చుంటారమ్మా?" అన్నారు ఓనరు గారు నీరసంగా.

"పరిశీలించండి" అన్నాను.

కంపెనీ మనిషి వచ్చేది సోమవారం. ఓనరు గారు గడియారం చూసి, క్యాలెండరు చూసి, పెన్ను అడిగారు. 'పరిశీలిస్తాము' కొట్టేసి 'మార్చి ఇవ్వడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

ఏప్రిల్ 2, మంగళవారం

గట్టి గార్డు వచ్చింది. గాజులా ఉంది, పై పళ్ళకు టక్కున కూర్చుంది. గార్డు వచ్చిందని అత్తయ్య పెద్దాయనకు కబురు పెట్టిందట, చూసిపోతానని వచ్చాడు. టార్చి వేసి చూసి, "నాకంటే నయమే, ఇది నిద్రపోదు" అన్నాడు.

వర్క్‌షాపులో బాబాయ్ బల్ల మీద ఇప్పుడు నా పెట్టె. చిన్న స్క్రూడ్రైవరు కూడా వచ్చి చేరింది.

ఏప్రిల్ 23, మంగళవారం

డాక్టరమ్మ గార్డును భూతద్దం కింద పెట్టి చూసింది. "పెట్టుకుంటున్నారా అసలు?" అంది. రోజూ పెట్టుకుంటున్నానన్నాను. ఒక్క గీత కూడా లేదంది. వాడని వస్తువు వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. పళ్ళ తొడుగులు వెనక్కి తీసుకోరట. ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో మరి.

ఏప్రిల్ 24, బుధవారం

నెల కావస్తున్నా కౌంటర్లోకి మనిషి దొరకలేదు. ఒకమ్మాయి రెండు రోజులుంది, ఒకతను మధ్యాహ్నం దాకా. తోడల్లుడి స్నేహితుడు తలుపు దగ్గర నిలబడి కాసేపు జనం అరుపులు విని వెళ్ళిపోయాడట. అందుకని మూడు వారాలుగా ఓనరు గారే కూర్చుంటున్నారు.

ఇవాళ సాయంత్రం వర్క్‌షాపులోకి వచ్చారు. నేను ఫ్యాను విప్పుతున్నాను. ఒక చెయ్యి దవడ మీద ఉంది.

"అమ్మా, మీ పళ్ళ డాక్టరు ఎక్కడ? పొద్దున బ్రెడ్డు తింటుంటే పన్ను..."

స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను.

"నా మీదేనా?" అని అడిగాను.

ఓనరు గారి నోట్లో ముద్దేమీ లేదు. అయినా "ఊ" అనే అన్నారు.